పచ్చిక విషానికి బూజు మందు: ఎందుకు? ఎలా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో గొర్రెల మేతలో విషం పుట్టించే ఒక తెగులును ఏదో బూజు చల్లి అదుపు చేశారట. మా చీపురుపల్లి వైపు తుపాను వానలకు గడ్డికుప్పలు బూజు పట్టడం, అది తిన్న గొడ్లు జబ్బు పడటం మామూలే. ఆ బూజు మాకూ పనికొస్తుందా? అసలు బూజుతో తెగులును ఎలా ఆపుతారు?

జవాబు: ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఆస్ట్రేలియాలో బూజుతో అదుపు చేసింది పొలంలో నిలిచి ఉన్న పచ్చికకు వచ్చే తెగులు. మన గేదెను ఇబ్బంది పెట్టేది చాలావరకు కోతలయ్యాక కుప్పలోనో సంచిలోనో పుట్టే విషం. కాబట్టి ముందే చెప్పేస్తే, ఆ బూజు మనకు పనికిరాదు. దాని వెనకున్న ఉపాయం మాత్రం పనికొస్తుంది, అదీ పొలంలోనే. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

ఆస్ట్రేలియాలో జరిగిందేమిటి?

దక్షిణ ఆస్ట్రేలియాలోని బ్లాక్ స్ప్రింగ్స్ దగ్గర 1950లలో గొర్రెలు, పశువులు వింతగా చనిపోవడం మొదలైంది. 1968లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్నోవాంగెరప్ ప్రాంతంలోనూ ఇదే కనిపించింది. మంద చూడటానికి మామూలుగానే మేస్తూ ఉండేది. అదిలించి తోలితే మాత్రం కొన్ని గొర్రెలు కాళ్లు ఎత్తెత్తి వేసేవి, తూలేవి, కిందపడి గిలగిలా కొట్టుకునేవి. కాసేపటికి కొన్ని లేచి మందలో కలిసేవి, కొన్ని ఇక లేచేవి కావు.

అవన్నీ మేసింది ఒకే గడ్డి. దాని పేరు రైగడ్డి. అక్కడ చలికాలపు వానలకు మొలిచి, ఎండలు ముదిరేలోపు గింజ కట్టి ఎండిపోతుంది. గోధుమ చేలో అది కలుపు, బీడులో మంచి మేత. లేతగా ఉన్నప్పుడు ఎంత మేసినా ఏమీ కాదు. కంకి ముదిరి ఎండుముఖం పట్టే వేళకే అందులో విషం తయారవుతుంది.

గడ్డిలోకి విషం ఎలా చేరింది?

విషం గడ్డిది కాదు. కంటికి ఆనని ఒక నులిపురుగు, దాని ఒంటిని అంటిపెట్టుకుని ప్రయాణించే ఒక బాక్టీరియా కలిసి చేసే పని అది. నులిపురుగు పేరు ఆంగ్వినా ఫ్యునెస్టా, బాక్టీరియా పేరు రాథయిబాక్టర్ టాక్సికస్.

వేసవంతా ఈ నులిపురుగు పిల్లలు నేల మీద రాలిన ఎండు బొడిపెల్లో నిద్రలో ఉంటాయి. తొలి వానకు బొడిపె మెత్తబడగానే బయటికొచ్చి, తడి నేల మీదుగా పాకి, మొలకెత్తుతున్న రైగడ్డి మొవ్వులో చేరతాయి. గడ్డి పొట్టకొచ్చి పువ్వు తయారయ్యే వేళకు పువ్వు లోపలికి దూరతాయి. గింజ కట్టాల్సిన చోట బొడిపె కడుతుంది. నులిపురుగు అందులోనే గుడ్లు పెట్టి తన సంతానాన్ని పెంచుకుంటుంది.

నేల మీద పాకేటప్పుడు దాని ఒంటికి బాక్టీరియా అంటుకుని ఉంటే కథ మారిపోతుంది. బాక్టీరియా బొడిపెలో నులిపురుగుల కంటే వేగంగా పెరిగి, బొడిపెనంతా పసుపు జిగురుతో నింపేస్తుంది. గడ్డి ముదిరేకొద్దీ ఆ జిగురులో కోరినీటాక్సిన్లు అనే విషాలు తయారవుతాయి. జంతువు ఒంట్లో కొన్ని ప్రోటీన్లకు చక్కెర అణువుల గొలుసులు అతుక్కుంటేనే అవి తమ పని చేయగలవు. ఈ విషం ఆ అతుకును ఆపుతుంది. దాంతో మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. తూలడం, కొట్టుకోవడం అందుకే. ఒకేసారి ఎక్కువ తినాల్సిన పని కూడా లేదు. రోజూ కొంచెం తిన్నా దెబ్బ పోగవుతూ వస్తుంది. గడ్డిని కోసి ఎండబెట్టి కట్టలు కట్టినా విషం పోదు. అందుకే ఆస్ట్రేలియా తన ఎండుగడ్డిని బయటి దేశాలకు పంపేముందు ఈ తెగులు కోసం పరీక్షిస్తుంది.

బూజు ఎక్కడ అడ్డుపడింది?

రైగడ్డికి వచ్చే మరో తెగులు ఉంది. దాన్ని కలిగించే బూజు డైలోఫోస్పోరా అలొపెక్యూరి. ఇది పట్టిన ఆకులు, కంకులు మెలికలు తిరిగిపోతాయి కాబట్టి అక్కడి రైతులు దీన్ని ‘ట్విస్ట్ ఫంగస్’ అంటారు. ఈ తెగులు వచ్చిన బీళ్లలో బాక్టీరియా బొడిపెలు తక్కువగా ఉండటం శాస్త్రజ్ఞుల కంటపడింది.

కారణం వెతికితే తేలింది ఇది: ఈ బూజు కూడా అదే నులిపురుగు మీద స్వారీ చేస్తుంది. దాని సిద్ధబీజాల చివర్లలో సన్నని కుచ్చుల్లాంటివి ఉంటాయి, వాటితో నులిపురుగు చర్మాన్ని పట్టుకుంటుంది. నులిపురుగు గడ్డి మొవ్వులోకి చేరగానే అక్కడ దిగి మొలకెత్తి, మొవ్వును ఆక్రమించేస్తుంది. పలాస ప్యాసింజర్‌లో ముందెక్కినవాడు తుండుగుడ్డ వేసి సీటు ఆపుకున్నట్టన్నమాట. వెనకొచ్చిన బాక్టీరియాకు చోటు దక్కదు. కంకి మెలిపడి సరిగా విచ్చుకోకపోతే నులిపురుగుకు బొడిపె కట్టే వీలూ ఉండదు. బొడిపెలు తగ్గితే మరుసటి ఏడాది నులిపురుగులు తగ్గుతాయి, బాక్టీరియాను మోసే బళ్లే తగ్గిపోతాయి.

బూజు బాక్టీరియాను చంపలేదు, విషాన్ని విరిచేయలేదు. విషం తయారయ్యే చోటును ముందే ఆక్రమించింది. జీవనియంత్రణలో తరచూ జరిగేది ఇదే. శత్రువును మట్టుబెట్టడం కంటే, దానికి తిండీ చోటూ దొరక్కుండా చేయడమే ఎక్కువ.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ బూజును పెంచి, తెగులు ఉన్న బీళ్లలో చల్లారు. ఒకసారి నిలదొక్కుకుంటే అది గడ్డి దంట్ల మీద బతికి, వాన చినుకుల చిందులతోనూ నులిపురుగులతోనూ తనంతట తానే పాకుతుంది. వేల ఎకరాల బీళ్లకు ఏటా మందు కొట్టడం ఏ రైతు తరమూ కాదు. బూజును ఎంచుకోవడానికి అదే కారణం.

అయితే తెగులు పూర్తిగా పోయిందా?

పోలేదు. బూజు విస్తరించడానికి కొన్నేళ్లు పడుతుంది. తడి తక్కువైన ఏడాది మందకొడిగా పాకుతుంది. పైగా అదీ ఆ నులిపురుగు మీదే ఆధారపడింది కాబట్టి దాన్ని పూర్తిగా తుడిచిపెట్టలేదు. అందుకే అక్కడి రైతు బూజు ఒక్కదాన్నే నమ్ముకోడు. నులిపురుగును తట్టుకునే రైగడ్డి రకాలు వేస్తాడు, కంకి రాకముందే మందను మేపేస్తాడు, కంకి ముదిరిన బీళ్లలోకి మందను వదలడు. బూజు ఈ పద్ధతులకు తోడు మాత్రమే.

ఈ తెగులు మనవైపు ఎందుకు లేదు?

ఆ గడ్డి మన మేత కాదు. రైగడ్డికి చలికాలపు వాన, పొడి వేసవి కావాలి. మనది నైరుతి రుతుపవనాల సాగు, మన గొడ్లకు ఆధారం వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ తీగ, గట్ల మీది పచ్చిక.

దీని దాయాది మాత్రం ఉత్తర భారతంలో ఉంది. గోధుమ కంకుల నుంచి పసుపు జిగురు కారే ‘టుండు’ తెగులు అది. అక్కడా ఒక ఆంగ్వినా నులిపురుగు, దాన్ని అంటిపెట్టుకుని ఒక రాథయిబాక్టర్ బాక్టీరియా. ఆ బాక్టీరియాను 1917లోనే హచిన్సన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అక్కడి విరుగుడు బూజు కాదు, ఉప్పునీరు. విత్తనాన్ని ఉప్పునీటిలో పోస్తే తేలికైన బొడిపెలు పైకి తేలతాయి, వాటిని తీసి పారేస్తారు. బొడిపెలు విత్తనంతో కలిసి పొలానికి చేరుతున్నాయని తెలిశాక ఆ దారి మూసేస్తే సరిపోయింది.

ట్విస్ట్ ఫంగస్‌ను ఇక్కడికి తెప్పించుకుని చల్లితే? దానికి రైగడ్డీ లేదు, ఆ నులిపురుగూ లేదు. పరాయి సూక్ష్మజీవులను ఎవరికి వారు తెచ్చుకోవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కుదరదు కూడా.

మరి మన మేతలో విషాలేవి?

ప్రధానంగా నాలుగు. ఒకదానికి చేసే వైద్యం మరోదానికి పనికిరాదు కాబట్టి వీటిని విడివిడిగా గుర్తుపట్టాలి.

మొదటిది జొన్న నాము. లేత జొన్నలో, ముఖ్యంగా నీటి ఎద్దడికి గిడసబారిన పిలకల్లో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. మేసిన కాసేపటికే గొడ్డు రొప్పుతూ పడిపోతుంది. ఇందులో బూజు పాత్ర లేదు, బూజు మందు పాత్రా ఉండదు. పూతకు రాకముందు జొన్నను కోసి వేయకపోవడం, మేసి పడిపోతే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవడం, ఇవే దారులు.

రెండోది గంటెల్లో తేనెబంక తెగులు. పూత వేళ మబ్బు పట్టి తుంపర పడితే కంకి నుంచి తేనెలాంటి జిగురు కారుతుంది, తర్వాత గింజ బదులు నల్లటి గట్టి ముక్కలు వస్తాయి. వాటిలో ఎర్గాట్ విషాలు ఉంటాయి. లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపి విత్తనాన్ని పది నిమిషాలు ఉంచి, తేలినవి తీసేసి, మంచినీటితో కడిగి ఆరబెట్టి విత్తాలి. గోధుమకు చెప్పిన ఉప్పునీటి కిటుకే ఇక్కడా పనిచేస్తుంది.

మూడోది బూజు పట్టిన వరిగడ్డి. 1930లలో ఇప్పటి పాకిస్తాన్‌లోని దేగ్ నాలా వాగు పరిసరాల్లో గేదెలకు తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం చచ్చుబడి ఊడిపోయే జబ్బు వచ్చింది. ఆ వాగు పేరే జబ్బుకు పడింది. తడిసిన వరిగడ్డి మీద పెరిగే ఫ్యుజేరియం జాతి బూజుల విషాలను దీనికి కారణంగా ఎక్కువగా చెబుతారు. మన దగ్గర వరి చేతికొచ్చే కాలం, తుపానుల కాలం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఎలా ముంచాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. పడిపోయి నీటిలో నానిన వరి నుంచి వచ్చే గడ్డి మీద ఇలాంటి బూజులన్నీ పెరుగుతాయి.

నాలుగోది అఫ్లాటాక్సిన్. కంటికి కనబడకుండా నష్టం చేసేది ఇదే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు విషం దొరికింది. వేరుశనగ చెక్క, మొక్కజొన్న, పత్తి గింజల చెక్కలో ఇది ఎక్కువ. ఒకేసారి పెద్ద మోతాదు పడితే తప్ప గేదె హఠాత్తుగా చావదు. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, కాలేయం దెబ్బతింటుంది, దూడలు ఎదగవు. ఆ విషంలో కొంత భాగం రూపు మార్చుకుని పాలలోకీ దిగుతుంది. కాచినా పోదు. అందుకే పశువుల దాణాలో కిలోకు 20 మైక్రోగ్రాములు, పాలలో కిలోకు అర మైక్రోగ్రాము మించకూడదని మన దేశంలో ప్రమాణాలు పెట్టారు.

విషబూజును మరో బూజుతో ఆపవచ్చా?

ఆపవచ్చు, పంట పొలంలో ఉండగానే. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌లో అన్ని వంశాలూ విషం చేయవు. కొన్నింటికి ఆ జన్యువులు పాడైపోయి ఉంటాయి. అమెరికాలోని అరిజోనా పత్తి చేలల్లో పీటర్ కాటీ అనే శాస్త్రజ్ఞుడు అలాంటి విషంలేని వంశాన్ని ఎంచి, పెంచి, పొలంలో చల్లి చూశాడు. నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ అదే దారిలో ‘అఫ్లాసేఫ్’ను తయారుచేసింది. జొన్నలను మళ్లీ మొలకెత్తకుండా వేయించి, వాటికి విషంలేని బూజు సిద్ధబీజాలను పూస్తారు. పూతకు రెండు మూడు వారాల ముందు హెక్టారుకు 10 కిలోలు చల్లుతారు. ఆ జొన్నగింజే బూజుకు తొలి తిండి. అది తిని బలపడి, విషబూజు రాకముందే కంకుల మీద, కాయల మీద చోటు పట్టేస్తుంది. అలా చల్లిన పొలాల పంటలో అఫ్లాటాక్సిన్ 80 శాతానికి పైగా తగ్గిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ట్విస్ట్ ఫంగస్ చేసిన పని ఇదే కదా! చోటు ముందే పట్టడం. ఒక చోట నులిపురుగు బండి అయింది, మరో చోట వేయించిన జొన్నగింజ బండి అయింది.

మన రైతుకు దొరికేదేమిటి?

ట్రైకోడెర్మా. ఇది నేలలో సహజంగా ఉండే పచ్చటి బూజు. ఇతర బూజులను ఇది వేటాడుతుందని వైండ్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1932లోనే రాశాడు. శత్రుబూజు పోగు చుట్టూ తన పోగును చుట్టి, దాని గోడను కరిగించే ఎంజైములు వదిలి, లోపలి సారం పీల్చుకుంటుంది. వేళ్ల చుట్టూ ఉన్న తిండిని ముందే తినేసి ఇతరులకు మిగల్చదు. వేరుశనగలో మొదలుకుళ్లు, కాండం కుళ్లు తెగుళ్లకు దీన్ని చాలా ఏళ్లుగా సిఫారసు చేస్తున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో అఫ్లాటాక్సిన్ బూజును వేరుశనగ కాయల్లోకి రాకుండా ఆపేందుకు ట్రైకోడెర్మా వంశాలను, మేలుచేసే బాక్టీరియాలను పరీక్షించారు.

వాడే తీరు కష్టం కాదు. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి నీడలో ఆరనిచ్చి విత్తుకోవచ్చు. నేలకైతే 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి చిలకరించి, గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచాలి. బూజు ఆ ఎరువులో పెరిగాక ఎకరా నేలలో తడి ఉన్నప్పుడు చల్లాలి. ఎండిన నేలలో, మిట్టమధ్యాహ్నం చల్లితే డబ్బు బూడిదలో పోసినట్టే. రసాయన శిలీంధ్రనాశినితో కలపకూడదు. అది శత్రువునీ మిత్రుణ్నీ ఒకే తీరున చంపుతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. గ్రాముకు కనీసం 20 లక్షల బతికున్న బీజాలు ఉండాలన్నది నియమం. ఎండలో పెట్టిన పాత పొట్లంలో అన్ని మిగలవు.

వేరుశనగలో దీనికి తోడు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి. కాయ పెంకు గట్టిపడితే బూజుకు లోపలికి దారి దొరకదు. కాయ ఊరే దశలో నేల బెట్టకు రాకుండా ఒక తడి ఇవ్వగలిగితే మరీ మంచిది.

బూజు పట్టిన గడ్డికుప్ప మీద ట్రైకోడెర్మా చల్లితే?

ఇక్కడే చాలామంది పొరపడతారు. చల్లకూడదు. కారణాలు రెండు.

ఒకటి, విషం అప్పటికే గడ్డిలో ఉంది. బూజు చచ్చినా అది చేసిన విషం అలాగే ఉంటుంది. దులిపినా, ఎండబెట్టినా బూజు వాసన పోతుందేమో గానీ విషం పోదు.

రెండోది, ట్రైకోడెర్మాకు గడ్డి అంటేనే తిండి. రెండో ప్రపంచయుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చీకిపోతుంటే, వాటిని తింటున్న బూజు కోసం వెతికితే దొరికింది ట్రైకోడెర్మా జాతిదే. ఈరోజు పీచును కరిగించే ఎంజైములను పరిశ్రమలు తయారుచేసేది దాని వారసులతోనే. అలాంటిదాన్ని కుప్ప మీద చల్లితే మేత పెంటగా మారుతుంది.

ఆ గుణాన్నే మనకు అనువుగా వాడుకోవచ్చు. మేతకు పనికిరాని గడ్డిని కంపోస్టు గోతిలో వేసి, పేడనీళ్లు చల్లి, ట్రైకోడెర్మా కలపండి. త్వరగా చివికి పొలానికి ఎరువవుతుంది. ఆ గడ్డిని కదిపేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. బూజు ధూళి మనిషి ఊపిరితిత్తులకూ చెరుపే.

మరి కుప్పను కాపాడేదేమిటి?

ఆరబెట్టడం. బూజుకు తడి లేనిదే బతుకు లేదు. కోసిన పనలను తిరగేసి రెండు పక్కలా ఎండనివ్వండి. గడ్డిని చేత్తో మెలితిప్పితే పెళపెళలాడాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. యంత్రంతో కోసిన గడ్డిని పచ్చిమీద ఉండలు కట్టిస్తే బయట పసుపుగా, లోపల నల్లగా తయారవుతుంది. కుప్పను నేల మీద నేరుగా వేయకుండా రాళ్లో దుంగలో పరిచి దాని మీద వేయండి. వాన నీరు జారిపోయేలా పైభాగం కోసుగా కట్టండి. తుపాను హెచ్చరిక ఉంటే టార్పాలిన్ కప్పి, వాన వెలిసిన వెంటనే తీసి గాలాడనివ్వండి.

వేరుశనగ పీకాక చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టాలి. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగాకే సంచుల్లోకి ఎత్తాలి. మొక్కజొన్న గింజలోనూ తేమ 12 శాతం దగ్గరికి రావాలి. పుచ్చులు, ముడతలు, పచ్చటి బూజు ఉన్న గింజలు ఏరి పక్కన పెడతారు సరే, వాటిని గొడ్ల దాణాలో కలపడమే మన ఇళ్లలో జరిగే పెద్ద తప్పు. మనిషికి వద్దన్న గింజ గేదె కడుపులోంచి పాలతో మళ్లీ మన గ్లాసులోకే వస్తుంది.

గేదె మేత మానేసినా, పాలు ఒక్కసారిగా తగ్గినా, తోక కొస చల్లబడి నల్లబడినా ముందు అనుమానమున్న మేతను ఆపేయండి. మంచి మేతకు మార్చాక పాలలోకి దిగే అఫ్లాటాక్సిన్ కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. సంచార పశువైద్య సేవ కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. చీపురుపల్లి పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. గొడ్డుతో పాటు అది తిన్న గడ్డినీ, దాణానూ గుప్పెడేసి కాగితం సంచిలో వేసి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో అయితే దారిలోనే ఇంకాస్త బూజు పెరుగుతుంది.

ఏ బూజు చల్లాలి అని అడిగేముందు, విషం ఎక్కడ పుడుతోంది అని అడగండి. నేలలో, పైరు మీద పుడుతుంటే మిత్రబూజు సాయపడుతుంది. కుప్పలో పుడుతుంటే ఎండను, గాలిని మించిన మందు లేదు. ఈసారి కోతలయ్యాక గడ్డిని పూర్తిగా ఆరబెట్టి కుప్ప వేయండి, బూజు గింజను దాణాలో కలపకండి. ఈ రెండూ పాటిస్తే చాలావరకు మందు కొనాల్సిన పనే పడదు.